కంపెనీ వారి రాముడి నాణెం: దొరికినదాన్ని ఏమని అడగాలి?

పాత ఇల్లు పడగొడుతున్నప్పుడో, ఏటి ఇసుక తోడుతున్నప్పుడో, అమ్మమ్మగారి ఇనప్పెట్టె సర్దుతున్నప్పుడో ఒక నాణెం బయటపడుతుంది. ఒకవైపు సీతారామలక్ష్మణులు, కాళ్ళ దగ్గర హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఈస్టిండియా కంపెనీ’, ‘యు.కె.ఎల్.’, ‘వన్ అణా’, 1818. కొన్నిటి మీద హనుమంతుడు ఒక్కడే ఉంటాడు. కొన్నిటి మీద ఓంకారం, తామరపువ్వు ఉంటాయి. సంవత్సరం కూడా ఒక్కటే కాదు. 1616, 1717, 1839 అని రకరకాలుగా కనిపిస్తుంది. ఇవి దేశమంతటా ఉన్నాయి. గుడి ముందు తోపుడుబండి మీదా ఉంటాయి, దేవుడి గదిలో పసుపు కుంకుమల మధ్యా ఉంటాయి.

వీటి గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. మొదటి కథ: ఇంగ్లీషువాడు కూడా రాముడికి దణ్ణం పెట్టి నాణెం వేశాడు, మన చరిత్రకారులు ఆ సంగతి దాచిపెట్టారు. రెండో కథ: ఈ నాణేనికి ‘పవర్’ ఉంది, బియ్యాన్ని లాగుతుంది, విదేశాల్లో కోట్లు ఇచ్చి కొంటారు. మొదటి కథ వలన పోయేది చరిత్ర. రెండో కథ వలన పోయేది పొలం, పుస్తెలతాడు. రెండింటికీ మూలం మాత్రం ఒకటే. దొరికిన వస్తువును ఏమీ అడగకుండా, దాని గురించి ఎవరో చెప్పింది నమ్మడం. కాబట్టి ఈ వ్యాసంలో ఆ నాణేన్నే సాక్షిగా పిలిచి బోను ఎక్కిద్దాం. ఇందుకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. కొంచెం చరిత్ర, ఒక చిన్న తూకం, ఒక గ్లాసు నీళ్ళు చాలు.

మొదటి ప్రశ్న: నువ్వు పుట్టిన సంవత్సరంలో నిన్ను కన్నవాళ్ళు ఏం చేస్తున్నారు?

1616 తీసుకుందాం. కంపెనీ వారు మచిలీపట్నంలో వర్తకపు కొట్టు తెరిచి అప్పటికి అయిదేళ్ళు. ఇంగ్లండు రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో ఆ ఏడాదే అజ్మీరులో జహంగీరు దర్బారుకు వెళ్ళి, సరుకు అమ్ముకోవడానికి అనుమతులు అడుగుతున్నాడు. మొగలు సామ్రాజ్యంలో నాణెం వేయడమంటే పాదుషా హక్కు. మసీదులో ఖుత్బా ఎవరి పేర చదువుతారు, నాణెం ఎవరి పేర పడుతుంది అనే రెండు విషయాలతోనే ఆ రోజుల్లో రాజెవరో తేలేది. వర్తకం కోసం చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళు అదే దేశంలో తమ పేరుతో, ఇంగ్లీషు అక్షరాలతో, రాముడి బొమ్మతో నాణేలు పంచిపెట్టారంటే పాదుషా ఊరుకుంటాడా? 1717లో కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. ఫరూఖ్‌సియర్ ఇచ్చిన ఫర్మానాను చేతికి అందిన నిధిలాగా కంపెనీ దాచుకున్న రోజులవి.

ఇక ‘యు.కె.ఎల్.’ సంగతి. ఈ మూడక్షరాలు ఏ నిజమైన కంపెనీ నాణెం మీదా లేవు. యునైటెడ్ కింగ్‌డమ్‌కు, లండనుకు పొడి అక్షరాలని కొందరు విడమరచి చెబుతారు. వాదన కోసం అదే నిజమనుకుందాం. ఆ పేరుతో రాజ్యం ఏర్పడింది 1801లో. మరి 1616లో, 1717లో ఆ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయి? తాతగారి పెళ్ళి శుభలేఖలో మనవడి పేరు వేసినట్టుంది.

సరే, 1616, 1717 పోయాయి. 1818 మాటేమిటి? అప్పటికి కంపెనీ నిజంగానే పాలిస్తోంది, నిజంగానే నాణేలు వేస్తోంది. అందుకే ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. కానీ 1818లో మన ప్రాంతంలో చేతులు మారిన నాణేలు ఏవో మనకు స్పష్టంగా తెలుసు. మద్రాసు ప్రెసిడెన్సీలో లెక్క కాసుల్లో, ఫణాల్లో, వరహాల్లో ఉండేది. 80 కాసులు ఒక ఫణం. 42 ఫణాలు ఒక వరహా. ఆ 1818లోనే కంపెనీ వరహాను పక్కనపెట్టి, వెండి రూపాయిని మద్రాసుకు ప్రామాణిక నాణెం చేసింది. 100 వరహాలకు 350 రూపాయలని మారకం కట్టింది. అంటే అణా లెక్క అప్పుడప్పుడే మద్రాసు ఖాతా పుస్తకాల్లోకి ఎక్కుతున్న కాలమది.

చిల్లర విషయానికి వస్తే, 1803, 1808 సంవత్సరాల రాగి కాసులు ఈనాటికీ దొరుకుతున్నాయి. వాటిని బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్ గారి సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టి ఓడల్లో పంపేవారు. ఒకవైపు రెండు సింహాలు పట్టుకున్న కంపెనీ చిహ్నం, రెండోవైపు పారశీక లిపిలో విలువ ఉంటాయి. అలా వస్తున్న ‘అడ్మిరల్ గార్డినర్’ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే ఇసుక తిన్నెల మీద చిక్కి మునిగిపోయింది. 1980ల్లో గజ ఈతగాళ్ళు దానిలోంచి 1808 నాటి పది కాసులు, ఇరవై కాసుల నాణేలను కుప్పలుగా పైకి తీశారు. మన తాతముత్తాతల సంతల్లో తిరగవలసిన ఆ చిల్లర ఇప్పుడు సేకర్తల డబ్బాల్లో ఉంది. ఉత్తర సర్కారుల కోసమైతే ప్రత్యేకంగా 1794లో, 1797లో రూపాయిలో 48వ వంతు నాణేలు వేశారు. ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో వాటి మీదే రాసి ఉంటుంది. రాముడు లేడు, హనుమంతుడు లేడు. ఉన్నది కంపెనీ బేరం గుర్తు.

‘వన్ అణా’ అనే మాటనూ కొంచెం అడగాలి. అణా అంటే రూపాయిలో పదహారో వంతు, నాలుగు పైసలు, పన్నెండు పైలు. దేశంలో కంపెనీ భూభాగాలన్నిటికీ ఒకే రకం నాణేలు తెచ్చింది 1835 చట్టం. అప్పుడు వచ్చిన రూపాయి మీద నాలుగో విలియం రాజు తల ఉంటుంది. రాగిలో పావు అణా, అందులో మూడో వంతు వచ్చాయి. ‘వన్ అణా’ అని ఇంగ్లీషులో తన విలువ చెప్పుకునే ఒంటి అణా, మన పెద్దవాళ్ళు వంకీల అంచుతో గుర్తుపెట్టుకున్నది, 1907లో ఎడ్వర్డు రాజు కాలంలో వచ్చింది. అది కూడా రాగి బిళ్ళ కాదు. నికెలు కలిసిన తెల్లటి లోహం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సంవత్సరం పొసగలేదన్న ఒక్క కారణంతో ఏ నాణేన్నీ నకిలీ అనకూడదు. నిజమైన నాణేలు కూడా సంవత్సరం విషయంలో అబద్ధం చెబుతాయి! కంపెనీ మద్రాసులో వేసిన ఆర్కాటు రూపాయి మీద రెండో ఆలంగీరు పాదుషా పేరు, హిజ్రీ 1172 ఉంటాయి. అంటే 1758-59. కానీ అదే పేరుతో, అదే సంవత్సరంతో పంతొమ్మిదో శతాబ్దంలో కూడా కొట్టుకుంటూ పోయారు. ఎందుకు? షరాబులు ఆ ముద్రకు అలవాటుపడ్డారు. ముద్ర మారిస్తే వట్టం కోస్తారు. కాబట్టి నాణెం చెప్పే ఒక్క మాట మీద తీర్పు ఇవ్వకూడదు. సంవత్సరం, భాష, విలువ, బొమ్మ, లోహం, తూకం అన్నీ ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూడాలి. ఆర్కాటు రూపాయిలో సంవత్సరం ఒక్కటే పాతది, మిగతావన్నీ సరిపోతాయి. యు.కె.ఎల్. నాణెంలో ఏ ఒక్కటీ సరిపోదు.

మరి ఇవి ఏమిటి? ఒక్క మాటలో చెప్పాలంటే గుడి టంకాల సంతానం. రామటంకాలు అనే బిళ్ళలు మన దేశంలో చాలాకాలం నుంచి ఉన్నాయి. ఒకవైపు పట్టాభిషేకం, రెండోవైపు విల్లు పట్టిన రామలక్ష్మణులు. యాత్రకు వెళ్ళినవాళ్ళు తెచ్చుకునేవారు, పూజలో పెట్టుకునేవారు. వాటితో ఎవరూ ఉప్పూ పప్పూ కొనలేదు. వాటిలో కొన్నిటి మీద 51740 వంటి ఏ శకానికీ అతకని అంకెలు కూడా ఉంటాయి. పాతదిగా కనిపిస్తే పవిత్రంగా కనిపిస్తుందని ఆనాటి అచ్చు చెక్కినవాడికీ తెలుసు. ఆ సంప్రదాయంలోకి ఇటీవలి కాలపు అమ్మకందారు ‘ఈస్టిండియా కంపెనీ’ అనే పేరు తగిలించాడు. అంతే. ఏ నిజమైన నాణేన్నీ చూసి చేసిన నకలు కూడా కాదిది. అసలే లేనిదానికి నకలు. నిజమైన నాణేలకు అచ్చు తీసి పోతపోసే రెండో రకం నకళ్ళు వేరే ఉన్నాయి. శివాజీ హొన్నులు, జహంగీరు రాశుల మొహర్లు, మొగలు రూపాయలు ఆ రకంగా యాత్రాస్థలాల్లో అమ్ముతుంటారు.

ఇంతవరకు చదివిన హేతువాద మిత్రులు కొందరు సంతోషపడి ఉంటారు. వాళ్ళతో కూడా ఒక మాట. ‘కంపెనీ ఏనాడూ దేవుడి బొమ్మతో నాణెం వేయలేదు’ అని మన వేదికల మీద నేను చాలాసార్లు విన్నాను. అది తప్పు. కంపెనీ మద్రాసులో వేసిన బంగారు వరహాల మీద విష్ణువు ఉన్నాడు. ‘మూడు స్వాముల వరహా’ మీద ఇద్దరు దేవేరులతో సహా ఉన్నాడు. ‘నక్షత్ర వరహా’ మీద ఒకవైపు విష్ణువు, రెండోవైపు నక్షత్రం. అంతకంటే విశేషం 1807-08లో మద్రాసు టంకశాలలో కొట్టిన అర వరహా, పావు వరహా వెండి నాణేలు. ఒకవైపు గుడి గోపురం, చుట్టూ ఇంగ్లీషు, పారశీకం. రెండోవైపు తామరలో నిలబడ్డ విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు. అవును, తెలుగు అక్షరాలే. ఇంత చక్కటి నిజం చేతిలో ఉండగా యు.కె.ఎల్. అబద్ధం ఎవరికి కావాలి?

కంపెనీ అలా ఎందుకు చేసింది? భక్తి వలన కాదు. దక్షిణాదిన జనం తరతరాలుగా నమ్మిన బంగారు నాణెం వరహా. చాళుక్యుల, విజయనగరం వారి వరాహ ముద్ర పేరే ఆ నాణేనికి నిలిచిపోయింది. నేత కార్మికుడికి బట్టకు బయానా ఇవ్వాలన్నా, సిపాయికి జీతం ఇవ్వాలన్నా అతను ఒప్పుకునే ముద్ర ఉండాలి. ఉత్తరాన మొగలు పాదుషా పేరు వేసినవాడే ఇక్కడ విష్ణువు బొమ్మ వేశాడు. రెండుచోట్లా అతను కొలిచిన దైవం ఒకటే, వ్యాపారం. ఈ వివరణ రాముడి కథ చెప్పేవాళ్ళకూ నచ్చదు, ‘ఎన్నడూ వేయలేదు’ అనేవాళ్ళకూ నచ్చదు. ఆధారాలు మాత్రం దాని వైపే ఉన్నాయి.

అంతెందుకు, దేవతలు నాణేల మీదకు ఎక్కడం ఈ దేశంలో రెండువేల రెండువందల ఏళ్ళ నాటి సంగతి. గ్రీకు రాజు అగాథొక్లీస్ వేసిన ఆరు వెండి నాణేలు 1970లో అఫ్ఘానిస్తాన్‌లోని అయ్ ఖనూమ్ తవ్వకాల్లో దొరికాయి. వాటి మీద నాగలి పట్టిన బలరాముడు, చక్రం పట్టిన వాసుదేవుడు ఉన్నారు. విజయనగరం తొలి రాజులు హనుమంతుణ్ణి వేశారు. ఆరవీటి తిరుమలరాయలు సీతారామలక్ష్మణులను వేశాడు. అక్బరు చివరి రోజుల్లో, 1604-05లో, విల్లు పట్టిన రాముడు, వెనక సీత, నాగరి లిపిలో ‘రామ సీయ’ అనే అక్షరాలతో ఒక చిన్న నాణెం వేయించాడు. రాముడి బొమ్మ ఉన్న ప్రతి నాణెమూ నకిలీ అనేది నా వాదన కాదు. ఏ రాముడు ఏ రాజు చేత, ఎక్కడ, ఎందుకు నాణెం ఎక్కాడో తెలుసుకోవాలంటే నకిలీని ఏరిపారేయక తప్పదనేది నా వాదన.

సరే, బొమ్మనూ రాతనూ అడిగాం. ఇప్పుడు ఒంటిని పరీక్షిద్దాం. మొదట అంచు చూడండి. పోతపోసిన నకలుకు అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో రాసి చెరిపేసినా రాసిన చారలు మిగులుతాయి. తర్వాత భూతద్దం పెట్టి బొమ్మకూ అంచుకూ మధ్య ఉన్న నున్నటి జాగా చూడండి. దెబ్బ కొట్టి వేసిన నాణెంలో లోహం ఒత్తిడికి జరుగుతుంది, కాబట్టి అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. పోత నాణెంలో సన్నటి సూదిబెజ్జాలు, బుడిపెలు ఉంటాయి, అక్షరాలు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి. రెండు నాణేలు దొరికి, రెండింటి మీదా ఒకేచోట ఒకే గీత, ఒకే సొట్ట ఉన్నాయంటే ఇక అనుమానమే లేదు. రెండు నాణేలు నూరేళ్ళు వేరువేరు చేతుల్లో తిరిగి ఒకే చోట సొట్టపడవు కదా!

తర్వాత తూకం. 1835 నాటి కంపెనీ రూపాయి 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా తులం. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. అరిగిపోతే కొంచెం తగ్గవచ్చు. పెరగడం మాత్రం సాధ్యం కాదు. పదిహేను గ్రాములు తూగే ‘కంపెనీ రూపాయి’ని ఎవరైనా తెస్తే నమస్కారం పెట్టి పంపించండి.

ఆ తర్వాత ఆర్కిమిడీస్ పరీక్ష. రెండు దశాంశ స్థానాల దాకా చూపే చిన్న డిజిటల్ తూకం తీసుకోండి. నాణేన్ని తూచి రాసుకోండి. ఒక గ్లాసు నీళ్ళు తూకం మీద పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. ఇప్పుడు తూకం ఎంత చూపిస్తే అది నాణెం తొలగించిన నీటి బరువు. మొదటి అంకెను దీనితో భాగించండి. ఉదాహరణకు నాణెం 20.40 గ్రాములు, నీళ్ళలో 2.40 వస్తే సాంద్రత 8.5. అది ఇత్తడి. రాగి 8.9 దగ్గర ఉంటుంది. రూపాయి వెండి 10.3 దగ్గర, సీసం 11.3, ఇరవై రెండు క్యారెట్ల బంగారం పదిహేడు పైన. నాణెం పైన ఎంత పూత పూసినా ఈ లెక్క లోపలిదాన్ని బయటపెడుతుంది. హైస్కూలు పిల్లలు కూడా చేయగలిగిన పని ఇది. చేయించాలి కూడా.

‘మట్టిలో దొరికింది, పచ్చగా చిలుము పట్టింది, పాతది కాక ఏమవుతుంది?’ అని అడుగుతారు. మట్టి సాక్ష్యం బలమైనదే. కానీ మట్టిలోకి వస్తువు ఎప్పుడైనా వెళ్ళవచ్చు. పుష్కరాలకు వచ్చినవాళ్ళు ఏట్లో వేసినవి, శంకుస్థాపనలో పెట్టినవి, ద్వారబంధం కింద వేసినవి, పొలంలో మొక్కుబడికి పాతినవి అన్నీ ఏదో ఒకరోజు బయటపడతాయి. రాగికి, ఇత్తడికి చిలుము పట్టడానికి శతాబ్దాలు అక్కరలేదు. ఎరువు పడే నేలలో కొన్ని నెలలు చాలు. అమ్మేవాళ్ళు కావాలనే పాతిపెట్టి తీస్తారు. గడ్డపారకు తగిలిందన్నంత మాత్రాన అది చరిత్ర కాదు.

ఇక రెండో కథ, ‘పవర్’ గురించి. రెండేళ్ళ క్రితం మా పక్క ఊరి రైతు ఒకతను, అతని బావమరిది కలిసి ఒక నాణెం గుడ్డలో చుట్టుకుని తెచ్చారు. హనుమంతుడు, 1839. 

‘మాస్టారూ, బియ్యం లాగింది. మా కళ్ళతో చూశాం’ అన్నాడు బావమరిది. 

‘ఎవరి బియ్యం?’ అని అడిగాను. 

‘వాళ్ళు తెచ్చినవేనండి. నాణెం పవర్ తట్టుకునే బియ్యం వేరే ఉంటాయంట.’ 

మా ఇంట్లో డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తెచ్చి పళ్ళెంలో పోశాను. నాణెం పక్కన పెట్టాం. ఒక్క గింజ కదలలేదు. రైతు చాలాసేపు పళ్ళెం వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పటికే ‘టెస్టింగు ఖర్చుల’ కింద రెండు లక్షలు కట్టి ఉన్నాడు. కూతురి పెళ్ళి కోసం దాచినది. ‘ఇంకో లక్ష కడితే సైంటిస్టులు వస్తారని చెప్పారు సార్’ అన్నాడు మెల్లగా. ఆ లక్ష మిగిలింది. మొదటి రెండు లక్షలు మిగలలేదు.

ఈ మోసం పద్ధతి అన్నిచోట్లా ఒకటే. రాగికి, ఇత్తడికి, వెండికి అయస్కాంతం అంటుకోదు. బియ్యమూ అంటుకోదు. కాబట్టి గింజలకు ఇనప పొడి అంటించడమో, లోపల సన్నటి ఇనప తీగ దూర్చడమో చేస్తారు. అయస్కాంతాన్ని నాణెంలోనో పాత్రలోనో దాస్తారు. తర్వాత ఇరిడియం అంటారు, అంతరిక్ష పరిశోధనకు కావాలంటారు, రేడియేషన్ కోట్లు వేసుకుని ‘సైంటిస్టులు’ వస్తారు. ఇరిడియం నిజంగానే ఒక లోహం. దాని సాంద్రత 22.5 దాకా ఉంటుంది, అంటే బంగారం కంటే బరువు. మన గ్లాసు నీళ్ళ పరీక్షలో 8.5 వచ్చిన బిళ్ళలో అది ఉండే ప్రసక్తే లేదు. పైగా అది బియ్యాన్ని లాగదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో, తమిళనాడులో, కేరళలో పోలీసులు ఇలాంటి ముఠాలను ఎన్నోసార్లు పట్టుకున్నారు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని రుసుములు అడిగేవాళ్ళను నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. కొనేవాడు డబ్బు ఇస్తాడు. మీ దగ్గర వస్తువు కొంటానంటూ మీ దగ్గరే డబ్బు అడిగేవాడు కొనేవాడు కాదు.

ఇంతా చదివి, ‘అయితే దొరికేవన్నీ పనికిరానివే’ అనుకుంటే అది ఇంకో ప్రమాదం. నకలు అయినా అన్నీ పనికిరానివి కావు. నల్గొండ జిల్లా అక్కనపల్లెలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్ని ఇక్కడే, ఆ కాలంలోనే చేసిన అనుకరణలు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించినవి కూడా ఉన్నాయి. మన కాసులపేరుకు పూర్వీకులు అన్నమాట. రోము నాణెం ఇక్కడ ఎంత గౌరవం పొందిందో ఆ అనుకరణలే చెబుతాయి. రెండువేల ఏళ్ళ నాటి నకలు నేటి చరిత్రకారుడికి అసలైన ఆధారం!

నాణెం ఏం చేయగలదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తంబి అనే చోట 13 వేలకు పైగా నహపాణుడి వెండి నాణేలు అనుకోకుండా బయటపడ్డాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని నాసిక్ శాసనం పొగిడితే, పొగడ్త అని కొట్టిపారేయకుండా ఆ కుండెడు నాణేలు సాక్ష్యం చెప్పాయి. ఇటు గోదావరి ఒడ్డున కోటిలింగాలలో పొలాల్లో, ఏటి గట్టున దొరికిన నాణేలను ఒక స్థానిక చరిత్రాభిమాని ఏరి దాచి డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చేర్చారు. గోభద, నారన, కంవాయ, సమగోప అనే, ఏ పురాణమూ చెప్పని రాజుల పేర్లు అలా వెలుగులోకి వచ్చాయి. చిముకుడి పేరున్న నాణేలను కూడా శాస్త్రిగారు గుర్తించారు. శాతవాహనులు ఎక్కడ మొదలయ్యారు అనే చర్చ కోటిలింగాల వైపు తిరిగింది ఆ చిన్న సీసం, రాగి ముక్కల వల్లే. వాటిని బజారులో అమ్మితే ఏం వస్తుంది? చాలా కొద్ది. కరిగిస్తే? ఇంకా కొద్ది.

ఆ నాణేలు అంత మాట్లాడటానికి కారణం అవి ఎక్కడ దొరికాయో తెలియడం. చోటు తెలియని నాణెం పేరు మరచిపోయిన సాక్షి లాంటిది. కాబట్టి ఏదైనా దొరికితే మొదట చింతపండు పెట్టి తోమకండి. ఆ పులుపుకు చిలుముతోపాటు అక్షరాలు కూడా పోతాయి. ఎక్కడ, ఎంత లోతున, ఏ కుండపెంకుల మధ్య దొరికిందో కాగితం మీద రాయండి. పక్కన స్కేలు పెట్టి రెండువైపులా ఫోటో తీయండి. ఎక్కువ దొరికితే పంచుకుని చెల్లాచెదరు చేయకండి. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం చెబుతోంది. ప్రభుత్వం తీసుకుంటే పరిహారం ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ రెండో భాగం మన పల్లెల్లో ఎవరికీ తెలియదు. తెలియకనే రాత్రికి రాత్రి కంసాలి కుంపట్లో పడుతున్నాయి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం. విదేశాల్లో కోట్లకు కొంటాడనే బేరగాడిని ఆ చట్టం సంగతి అడిగి చూడండి.

మన సంఘాల వాళ్ళు బడులకు వెళ్ళినప్పుడు నిప్పుల మీద నడవడం, గాల్లోంచి విభూది తీయడం చూపిస్తారు. మంచిదే. వాటితోపాటు ఒక చిన్న తూకం, గ్లాసు, దారం, గుప్పెడు మామూలు బియ్యం, ఒక యు.కె.ఎల్. బిళ్ళ, ఒక నిజమైన 1835 పావు అణా కూడా సంచీలో వేసుకుంటే బాగుంటుంది. ఆ పావు అణా కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. రెండింటినీ పిల్లల చేతికిచ్చి ఏది అబద్ధం చెబుతోందో వాళ్ళనే కనిపెట్టమనాలి. అలా కనిపెట్టిన పిల్ల రేపు తన ఇంటికి ‘రైస్ పుల్లర్’ అంటూ వచ్చినవాడిని వాకిట్లోనే ప్రశ్నిస్తుంది. తన పొలంలో నిజమైన శాతవాహన నాణెం దొరికితే దాన్ని తోమకుండా, కరిగించకుండా తీసుకొస్తుంది. మనకు కావలసింది ఆ రెండూ.